నా బరువు సున్నా

నా బరువు ఎనభై కిలోలు. డాక్టరు తగ్గమంటాడు, మా ఆవిడ తగ్గి తీరాలంటుంది, నేను రేపటి నుంచి అంటాను. అటువంటి నన్ను పోయిన వానాకాలం కోతలప్పుడు మిర్యాలగూడలో ఒక మిల్లు కాంటా మీద నిలబెడితే కంప్యూటరు తెర మీద సున్నా పడింది. చుట్టూ వున్న పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక చేసేదేముంది? నవ్వనివాళ్లు ఇద్దరే ఇద్దరు: మా చిన్నాయన, మా శిష్యుడు. వాళ్లెందుకు నవ్వలేదో చెబుదామనే ఈ వారం ఈ పేజీ.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కాంటాలతోనూ కంప్యూటర్లతోనూ ఏం పనయ్యా అంటారా? పని నాకు లేదు. నన్ను పనిలోకి లాగారు. నేను వుండేది సూర్యాపేటలో. మా చిన్నాయన సేద్యం హుజూర్‌నగర్ పక్కన, సాగర్ ఎడమ కాలువ కింద. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట, 1967లో కాలువలకు నీళ్లు వదిలింది. ఆ నీళ్లు వచ్చిన తరవాతే మా వైపు జొన్న కంకి పోయి వరి కంకి వచ్చిందని చిన్నాయన చెబుతాడు. వరి వచ్చింది కనుక మిర్యాలగూడలో మిల్లులు వచ్చాయి. కోతల రోజుల్లో ఆ వూరి రోడ్ల మీద సన్నవడ్ల ట్రాక్టర్లు ఎంత దూరం బారులు తీరతాయో చూసినవారికే తెలుసు. కోత మిషను కోసి పోసిన పచ్చి వడ్లవి. ఎండబెట్టినవి కావు. గంట గంటకూ వాటి రంగు మారుతుంది, దానితోపాటు రైతు మొహం రంగూ మారుతుంది.

ఇక శిష్యుడు. వాడు ఇంటరులో నా దగ్గర తెలుగు చదివాడు. చదివాడనడం మర్యాదకు, చివరి బల్ల మీద కూర్చునేవాడు. ఆ తరవాత కోదాడలో ఇంజనీరింగు పూర్తిచేసి, హైదరాబాదులో రెండేళ్లు ఎవరికో కొలువు చేసి, అది గిట్టక సూర్యాపేట బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని కంప్యూటర్లు బాగుచేసుకుంటున్నాడు. మిర్యాలగూడలో ఒక మిల్లు యజమానికి — ఆయన కొడుకూ నా విద్యార్థే లెండి — కాంటా గదిలో కంప్యూటరు చెడిపోయింది. సీజను నడుమ. "సార్, మీకు తెలిసిన మనిషి ఎవరన్నా వున్నరా?" అని ఫోను చేస్తే, వీణ్ణి పంపించాను. అంటే పూచీ నాది. అదే సమయానికి చిన్నాయన, ఆయన పాలివాడు కలిసి ఒక లారీ వడ్లు అదే మిల్లుకు తెస్తున్నారు. "నువ్వు జర రా కొడకా, సదువుకున్నోనివి, చిట్టీ చూద్దువు" అన్నాడు. ఆదివారం కదా అని ఉదయాన్నే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి మా వాడు కాంటా గదిలో నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. ముందర కొత్త కంప్యూటరు. అందులో లినక్స్ అనే వ్యవస్థ వేశాడు. ఇది యునిక్స్ వంశం. యునిక్స్ 1969లో అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరి చేతుల్లో మొదలయింది. దాన్ని పోలిన లినక్స్‌ను 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఖరీదు లేదు, పాత యంత్రం మీదా నడుస్తుంది, మిల్లువాడికి నచ్చడానికి మొదటి కారణం చాలు.

"వీటిని పలకరించేదెట్లారా?" అన్నాను. అప్పటికి వాడు నెట్‌వర్కు పనిలో వున్నాడు. కాంటా గది గేటు దగ్గర, ఆఫీసు లోపల. ఇక్కడ తూచిన లెక్క అక్కడ చిట్టీగా అచ్చవ్వాలి. మధ్యలో ఒక నీలం తీగ పరిచారు.

వాడు చెప్పిన తీరు నాకు నచ్చింది. ప్రతి కంప్యూటరూ ఒక ఇల్లు. ఇంటికి గుమ్మాలు వుంటాయి, వాటినే ఇంటర్‌ఫేసులంటారు. తీగ వచ్చి తగిలే గుమ్మం ఒకటి, వైర్‌లెస్సు గుమ్మం ఇంకొకటి. ఈ రెండూ కాక ఏ తీగా లేకపోయినా వుండే గుమ్మం మరొకటి వుంది. దాని పేరు లో, చిరునామా 127.0.0.1. అది బయటికి తెరుచుకోదు, ఇంట్లోంచి ఇంట్లోకే. కంప్యూటరు తనతో తాను మాట్లాడుకునే గుమ్మమన్నమాట. మా పక్కింటి పెద్దావిడ గుర్తుకొచ్చి నవ్వుకున్నాను.

గుమ్మానికి చిరునామా వేయాలి. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారు విడుదల చేసిన యునిక్సులో ఇందుకోసం ఇఫ్‌కాన్ఫిగ్ అనే ఆజ్ఞ పెట్టారు. ఇప్పటివారు ఐపీ అనే పొట్టి ఆజ్ఞతో అదే పని చేస్తున్నారు. మా వాడు ఆజ్ఞ ఇచ్చాడు, 192.168.1.20 అని చిరునామా వేశాడు, ఆఫీసు కంప్యూటరు పలికింది. "అయిపోయిందా?" అన్నాను.

"నోటితో చెప్పిన సార్. కరెంటు పోయి వస్తే మర్చిపోతది. రాసి పెట్టాలె."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. తెర మీద ఇచ్చే ఆజ్ఞ నోటిమాట; యంత్రం ఆగేదాకానే దాని ఆయుష్షు. దాన్ని ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలులో — ఈ గుమ్మం లేవగానే తెరు, దీని చిరునామా ఇది, మారేది కాదు, వీధి దాటాలంటే ఫలానా వారిని అడుగు, అని నాలుగు వరుసలు — రాసి పెడితే ప్రతి ఉదయం యంత్రం తనే చదువుకుని లేస్తుంది. నోటిమాట మీద పొలాలు చేతులు మారిన కాలం నుంచి పాసుపుస్తకాల కాలందాకా వచ్చిన మనకు ఈ తేడా ఒకరు చెప్పాలా!

అక్కడొక చిక్కు వచ్చింది. అరగంట తరవాత ఆఫీసు కంప్యూటరు ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. చూస్తే గేటు మీది కెమేరాకు కూడా అదే 20 నెంబరు చిరునామా. అడిగినవారికల్లా చిరునామాలు పంచిపెట్టే పెట్టె ఒకటి ఆఫీసులో వుంది; అది ఈ నెంబరును ఎప్పుడో కెమేరాకు ఇచ్చేసింది. ఒకే ఇంటి నెంబరు రెండిళ్లకు వుంటే పోస్టుమాను ఏం చేస్తాడు? ఇదీ అదే చేసింది. పంచే పెట్టె వంద నుంచి మొదలెట్టేటట్టు మార్చి, వందలోపువి తన చేతిలో వుంచుకున్నాడు మా వాడు. ఈ ముచ్చట ఇంతటితో ముగిసింది. అసలు గొడవ రెండో తీగది.

కాంటా కింద వుండే బరువు కొలిచే సాధనాలు ఒక చిన్న పెట్టెకు అంకె చెబుతాయి. ఆ పెట్టె గోడ మీది ఎర్రంకెల బోర్డుకు చెబుతుంది. ఇంకో తీగ ద్వారా కంప్యూటరుకూ చెబుతుంది. ఈ తీగ నెట్‌వర్కు తీగ కాదు, సీరియల్ తీగ. దీనికి చిరునామాలు లేవు. ఒక చివర పెట్టె, ఒక చివర కంప్యూటరు, అంతే. వీధి కాదు, రెండిళ్ల మధ్య గోడకు పెట్టిన కంత. 1960లో అమెరికాలో ఏర్పరచిన ఆర్‌ఎస్ 232 అనే పద్ధతి ఇది. అరవై యేళ్లు దాటినా కాంటాలనూ కొలిచే యంత్రాలనూ వదలలేదు. కొత్త కంప్యూటర్లకు తొమ్మిది సూదుల ఆ పాత సాకెట్టే లేదు కనుక మా వాడు నడుమ ఒక బుల్లి మార్పిడి ముక్క తగిలించాడు.

ఈ గుమ్మానికి లినక్సులో పేరు టీటీవై అని మొదలవుతుంది. ఎందుకయ్యా అంటే టెలిటైపు. యునిక్స్ పుట్టిననాడు దానితో మాట్లాడినవి టెలిటైపు యంత్రాలు. అవి పోయాయి, పేరు మిగిలింది. ఇంతకన్నా తమాషా ఇంకోటి వుంది. ఈ తీగను వాడుకోవడానికి గుమాస్తాకు అనుమతి కావాలంటే అతన్ని డయలౌట్ అనే జట్టులో చేర్చాలి. ఎవరికి డయలు చేస్తాడు పాపం? ఒకప్పుడు సీరియల్ తీగకు మోడెం తగిలించి టెలిఫోను మీద బయటికి పిలిచేవారు. ఆ కాలపు పేరు. దమ్మిడీలు పోయి ఎన్నాళ్లయినా "దమ్మిడీకి కొరగాడు" అని మనం తిట్టుకోవడం లేదూ?

మోడెం అంటే జ్ఞాపకం వచ్చింది. మన దేశంలో జనసామాన్యానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. అప్పటి విదేశ్ సంచార్ నిగమ్ తెచ్చింది, అదీ టెలిఫోను తీగ మీదే. నేను డిగ్రీలో వుండగా సూర్యాపేట నెట్ సెంటర్లో ఆ మోడెం చేసే కీచుగోల విన్నాను. అంతసేపు అది ఏం అరుస్తోందా అనుకునేవాణ్ణి. మా వాడు ఇప్పుడు చెప్పాడు: రెండు మోడెములూ ఎంత వేగంగా మాట్లాడుకుందామా అని ఒప్పందం చేసుకుంటున్నాయట. ఆ ఒప్పందం కుదిరిన తరవాత కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి మొదట్లో స్లిప్ అనే పద్ధతి వుండేది. 1984 ప్రాంతంలో రిక్ ఆడమ్స్ అనే ఆయన రాశాడు. దానికి అడగడాలూ చెప్పడాలూ లేవు. చిరునామాలు రెండువైపులా ముందే చేత్తో వేసుకోవాలి, తప్పు వస్తే పట్టుకునే దారి లేదు. తరవాత వచ్చిన పీపీపీ అనే పద్ధతి నయం. పెళ్లికి ముందు పెద్దమనుషులు కూర్చున్నట్టు, ఇరుపక్షాలూ ముందు షరతులు మాట్లాడుకుని, చిరునామా కూడా అడిగి పుచ్చుకుని, అప్పుడు పని మొదలుపెడతాయి.

"కాంటా పెట్టెకు ఆ మర్యాద లేదు సార్. అది అడగది, చెప్పది. దాని ధోరణిలో అది చెప్పుకుంట పోతది. అది ఎట్ల మాట్లాడుతున్నదో మనమే ముందు తెలుసుకోవాలె."

ముందు తెలుసుకోవలసినవి మూడు నాలుగున్నాయి. మొదటిది వేగం. దీన్ని బాడ్ అంటారు. ఎమిల్ బోడో అనే ఫ్రెంచి తంతి ఇంజనీరు పేరు మీదుగా వచ్చింది. కంప్యూటరు మామూలుగా 9600 అనుకుంటుంది. తెర మీద పిచ్చి అక్షరాలు పడ్డాయి, పూనకం వచ్చినవాడి మాటల్లాగా. వాడు ఎస్‌టీటీవై అనే ఆజ్ఞతో వేగం తగ్గించి 2400 చేశాడు. టక్కున అంకెలు కనిపించాయి! అంకెల నడుమ ఏవో చుక్కలూ గీతలూ ఇంకా వున్నాయి కాని, అవి కేజీ అనే అక్షరాలూ ఖాళీలూ కాబోలు అనుకుని, "అంకెలు కానివన్నీ పారేయ్" అని తన ప్రోగ్రాములో ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యాన్ని మీరు గుర్తుపెట్టుకోండి.

ఇక పరీక్ష. ఖాళీ కాంటా: సున్నా. మా వాడు ఎక్కాడు: 60. యజమాని ఎక్కాడు: 90. ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు గాని కాదనలేదు. ఒక ఖాళీ ట్రాక్టరు ఎక్కింది: ఎర్రబోర్డు మీద 3,560, తెర మీద 3,560. "బంగారమసొంటి కంప్యూటర్" అన్నాడు యజమాని. నా పూచీ నిలబడిందని నాకూ ఒక గుక్కెడు టీ ఎక్కువ దిగింది.

ఎవరిదో ఒక ట్రాక్టరు లోడు కాంటా అయింది, వడ్లు దించింది, ఖాళీ కాంటా అయింది, చిట్టీ పుచ్చుకుని ఆఫీసు వైపు పోయింది. ఆ తరవాత చిన్నాయన లారీ ఎక్కింది.

చిన్నాయనకు అక్షరాలు అంతంతమాత్రం. అంకెలు మటుకు దివ్యంగా వచ్చు. ఆయన కాంటా పక్కనే నిలబడి ఎర్రబోర్డు చూస్తున్నాడు: 15,960. గుమాస్తా గదిలోంచి అరిచాడు: "అయిదు వేల తొమ్మిదొందల అరవై! తియ్యి!"

"ఎంతా?" అన్నాడు చిన్నాయన.

గుమాస్తా మళ్లీ అన్నాడు. చిన్నాయన గదిలోకి వచ్చి తెర చూశాడు, బయటికి పోయి బోర్డు చూశాడు, నా దగ్గరికి వచ్చాడు. "ఏందిరా, నీ శిష్యుడు పెట్టిన పెట్టె పది టన్నులు మింగి కూసున్నది?"

యజమాని కుర్చీలోంచి లేవకుండా, "కంప్యూటర్ ఎందుకు అబద్ధం చెప్తది పెద్దాయనా? బోర్డుకే ఏమన్నా అయిందేమో. పొద్దుగాల నుంచి మంచిగనే చూపెడ్తున్నది. మీరు దించుకోండి, ఖాళీ కాంటా అయినంక చూసుకుందాం" అన్నాడు.

ఆయన దుర్మార్గుడని నేననను. బయట టోకెన్లు పట్టుకుని ఎన్నో బండ్లు వున్నాయి, ఆకాశం మబ్బుగా వుంది, ఆయన తొందర ఆయనది. కాని "దించుకోండి" అన్న మాటలో ఏముందో చిన్నాయనకు తెలుసు. దించిన వడ్లు రాశిలో కలిసిపోతాయి. రాశిలో కలిసిన గింజకు పేరుండదు. ఇక మిగిలేది చిట్టీ ఒక్కటే. బోర్డు మీది ఎర్రంకె బండి దిగగానే చెరిగిపోతుంది.

"దించను సేటూ. వాన పడ్డా దించను" అన్నాడు చిన్నాయన, లారీ బంపరుకు ఆనుకుని. వెనక బండ్లవాళ్లు హారన్లు మొదలెట్టారు.

మా వాడి మొహం పాలిపోయింది. "సార్, పొద్దున నన్నూ యజమానినీ సరిగ్గనే చూపెట్టింది కదా" అన్నాడు. లారీని కాసేపు పక్కకు తీయించి, నన్ను ఎక్కమన్నారు. ఎక్కాను. బోర్డు మీద 80. తెర మీద, ముందే మనవి చేశాను.

నవ్వు ఆగిన తరవాత మా వాడు, "సార్, దిగకండి" అన్నాడు. ఒక హమాలీని పిలిచి నన్ను దించి అతన్ని ఎక్కించాడు: బోర్డు మీద 50, తెర మీద 50. గుమాస్తా ఎక్కాడు: బోర్డు మీద 70, తెర మీద సున్నా. నేనూ గుమాస్తా కలిసి ఎక్కాం. బోర్డు మీద 150. తెర మీద 50! ఇద్దరు పెద్దమనుషులం కలిసి ఒక హమాలీ సరిసాటి అయ్యాం.

"ఒకటి పోతున్నది" అన్నాడు చిన్నాయన అందరికన్నా ముందు. "నా లారీల ఒకటి పోయింది. మీ ఇద్దరిల ఒకటి పోయింది."

మా వాడు ప్రోగ్రాములో ఆ "పారేయ్" అన్న వాక్యాన్ని తీసేశాడు. తీగలో వచ్చేది వచ్చినట్టు చూపించమన్నాడు. చిట్టీ వెనక పెన్సిలుతో పట్టిక రాశాడు. 0, 3, 5, 6, 9 — ఇవి చక్కగా వస్తున్నాయి. 1, 2, 4, 7, 8 — వీటి స్థానంలో ఏవో వికారపు గుర్తులు. పొద్దున ఎక్కినవారి బరువులు 60, 90; ట్రాక్టరు 3,560. అన్నీ మంచి అంకెలే! పరీక్షకు వచ్చిన ప్రశ్నలన్నీ చదివిన పాఠంలోవే అయినట్టు.

పట్టిక వంక నిమిషంసేపు చూసి "పారిటీ!" అని నుదురు కొట్టుకున్నాడు.

పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి. ఇది నా శాస్త్రానికి దగ్గరి సంగతి. ఈ తీగలో నడిచేవి రెండే: సున్నా, ఒకటి. మనకూ రెండే కదా, లఘువు, గురువు. మూడేసి అక్షరాలకు ఎనిమిది గణాలు వచ్చినట్టే, ఏడు స్థానాలకు నూట ఇరవై ఎనిమిది రూపాలు వస్తాయి. 1963లో అమెరికావాళ్లు తమ అక్షరాలకూ అంకెలకూ ఈ ఏడు స్థానాల గుర్తులు ఏర్పరిచారు. అందులో మూడు అనే అంకె 0110011, గురువులు నాలుగు. ఒకటి అనే అంకె 0110001, గురువులు మూడు. దారిలో తప్పు దొర్లితే తెలియాలని, ఎనిమిదో స్థానం ఒకటి కాపలాకు పెడతారు. నియమం ఏమంటే గురువుల మొత్తం సరిసంఖ్య కావాలి. మూడులో ఇప్పటికే నాలుగున్నాయి కనుక కాపలా స్థానంలో లఘువు. ఒకటిలో మూడే వున్నాయి కనుక కాపలా స్థానంలో గురువు చేరి నాలుగవుతాయి. పంపిన నాలుగు గురువుల్లో ఒకటి దారిలో చెడితే మొత్తం బేసి అవుతుంది, అవతలివాడు పట్టేస్తాడు.

మా కాంటా పెట్టె ఈ నియమంతో మాట్లాడుతోంది: ఏడు అక్షరానికి, ఒకటి కాపలాకు. కంప్యూటరు మటుకు ఎనిమిదీ అక్షరానివే, కాపలా లేదు అనుకుంటోంది. మొదట ఒక గుర్తు, చివర ఒక గుర్తు కలుపుకుని రెండు లెక్కలకూ మొత్తం పది స్థానాలే. పద్యం పొడుగు సరిపోయింది, పాదం విరిగేచోటు సరిపోయింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మూడు, అయిదు వంటి అంకెలకు ఎనిమిదోది లఘువే కనుక అవి చెక్కుచెదరలేదు. ఒకటికి ఎనిమిదో చోట గురువు వచ్చి కూర్చునేసరికి కంప్యూటరుకు అది ఒకటి కాదు, ఇంకేదో వింత అక్షరం. ఆ వింత అక్షరం తెర మీద కనిపించివుంటే ఏదో తేడా వుందని గుమాస్తాకయినా తెలిసేది. "అంకెలు కానివి పారేయ్" అన్నాము కదా, సాక్షిని మనమే గెంటేశాం.

"ఇంటరులో మీరు గణవిభజన చెప్తుంటే నిద్రపోయిన సార్" అన్నాడు మా వాడు, ఆజ్ఞ మారుస్తూ: స్థానాలు ఏడు, కాపలా వుంది, సరి. నన్ను మళ్లీ కాంటా ఎక్కించారు. తెర మీద 80. ఆ అంకెను చూసి నేను ఆనందించడం నా జన్మలో అదే మొదలు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా వుండలేను. ఆ ఏడు స్థానాల్లో ఇంగ్లీషు అంతా ఇమిడిపోయింది. ఎనిమిదో స్థానం వాళ్లకు మిగులు, కాపలాకు పెట్టుకున్నారు. మన తెలుగుకు ఇస్కీ అని 1991లో భారత ప్రమాణం ఏర్పడినప్పుడు మన అక్షరాలకు చోటు దొరికింది ఆ ఎనిమిదో స్థానంలో గురువు వున్న సగంలోనే. ఇప్పటి యూనికోడును మామూలుగా పంపే పద్ధతిలోనూ ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడేసి ముక్కలు, మూడింటిలోనూ ఎనిమిదో చోట గురువే. అంచేత మిర్యాలగూడ కాంటా తీగ మీద చిన్నాయన పేరు తెలుగులో వున్నది వున్నట్టు పంపబోతే ఒక్క అక్షరం దాటదు. తీగ చేసినవారికి మన మీద కోపమేమీ లేదు. మనం వున్నామని తోచలేదు, అంతే.

సరే, లారీ మళ్లీ ఎక్కింది. తెర మీదా బోర్డు మీదా 15,960. అప్పుడు చిన్నాయన దించుతాడనుకున్నాను. దించలేదు. "పొద్దుగాల నుంచి ఇచ్చిన చిట్టీలు తీయి" అన్నాడు.

"అవన్నీ ఇప్పుడెందుకు పెద్దాయనా? వెనక బండ్లున్నయి" అన్నాడు యజమాని.

"నావి కావనే అడుగుతున్న."

కొత్త కంప్యూటరు మీద అంతవరకు పూర్తయిన చిట్టీ ఒక్కటే. ఇందాక వెళ్లిన ట్రాక్టరుది. లోడు కాంటా 9,650. అన్నీ మంచి అంకెలే. ఖాళీ కాంటా 30. నికరం 9,620 కిలోలు! ముప్ఫై కిలోల ట్రాక్టరు లోకంలో వుంటుందా? బొమ్మల కొలువులో వుండవచ్చు. గుమాస్తా తొందరలో చూడలేదు, రైతు చూడలేదు, చిట్టీ అచ్చయిపోయింది. అసలు ఖాళీ బరువు 3,480. నాలుగూ ఎనిమిదీ పోయి మూడూ సున్నా మిగిలాయి. నికరం 6,170 కావాలి. అంటే మిల్లువాడు 3,450 కిలోల లేని వడ్లకు డబ్బు ఇవ్వబోతున్నాడు.

యజమాని అంత వేగంగా కుర్చీలోంచి లేవగలడని నేననుకోలేదు. "కంప్యూటర్ను నమ్మొద్దని నేను ముందే అనలే?" అని గుమాస్తా మీద కేకలేస్తూ ఆఫీసుకు పరుగెత్తాడు. చిన్నాయన నా వంక చూసి మీసం కింద నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు. ఆ ట్రాక్టరు రైతు ఇంకా ఆఫీసు మెట్ల మీదే వున్నాడు. నిజానికి అతనికీ అనుమానం వచ్చిందట, ఇన్ని వడ్లు నా మడిలో పండలేదే అని. మళ్లీ ఖాళీ కాంటా వేసి కొత్త చిట్టీ ఇచ్చారు. అతను మారుమాట లేకుండా పుచ్చుకున్నాడు.

లారీ దించి ఖాళీ కాంటా వేస్తే 6,180. నికరం 9,780. మబ్బు మబ్బుగానే వుండి కురవకుండా పోయింది.

మర్నాడు ఉదయం నేను తరగతికి పోబోతూ వుంటే మా శిష్యుడు ఫోను చేశాడు. రాత్రి మిర్యాలగూడలో కరెంటు పోయి వచ్చిందట. నెట్‌వర్కు గుమ్మం దాని చిరునామాతో అది లేచింది. ఆ సంగతి ఫైలులో రాసి వుంది. సీరియల్ తీగ వేగమూ, కాపలా స్థానమూ మటుకు కంగారులో నోటిమాటగానే చెప్పి వచ్చేశాడు. యంత్రం మరిచిపోయింది. గుమాస్తా కబురు చేశాడట: "అన్నా, తెర మీద పిచ్చి అక్షరాలు పడుతున్నయి, కాంటా ఆపేసిన."

"ఎంత మంచిగైంది సార్, పిచ్చి అక్షరాలే పడ్డయి!" అన్నాడు మా వాడు సంబరంగా. ఆ "పారేయ్" అన్న వాక్యం మళ్లీ రాయలేదన్నమాట. బస్సెక్కి వెళ్లి, యంత్రం లేచినప్పుడల్లా తీగ నియమాలు తనే చదువుకునేటట్టు ఫైలులో రాసి వచ్చాడు.

అచ్చు కాబోయి ఆగిన చిట్టీ ఒకటి, వెనక పెన్సిలు పట్టిక వున్నది, చిన్నాయన అడిగి తీసుకుపోయాడు. పాసుపుస్తకాలతోపాటు పెట్టెలో పెట్టుకున్నాడని మా పిన్ని చెప్పింది. ఈ యాసంగికి మళ్లీ వడ్లు తోలేటప్పుడు ఫోను చేసి, "కొడకా, మంచి అంకెలు ఏవేవిరా? సున్నా, మూడు, అయిదు, ఆరు, ఇంకోటి?" అని అడిగాడు.

తొమ్మిది అని చెప్పాను.